అన్నీ చేయించిన అత్తయ్య

ఆ వీధిలో ఏది జరిగినా కుట్టుమిషను అత్తయ్యే చేయించింది. ఇది ఎవరో చెప్పుకున్న మాట కాదు, ఆవిడే చెప్పుకునేది. వీధి దీపం వెలిగితే "నేనే వేయించా" అనేది. చెత్త బండి వేళకి వస్తే "నేనే రప్పించా" అనేది. చివరింటి లెక్కల మాస్టారి కూతురికి కవల పిల్లలు పుట్టారని తెలిసినప్పుడు కూడా ఆవిడ నోరు తెరవబోయింది. చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు చూసి, "ఆ డాక్టరు దగ్గరికి వెళ్లమన్నది నేనే" అని సర్దుకుంది.

వీధి మొదట్లో మొదటి ఇల్లు ఆవిడది. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, మెడలో టేపు, ఒళ్లో ఎవరిదో సగం విప్పిన జాకెట్టు. ఎవరు వచ్చినా, ఎవరు వెళ్లినా ఆ కిటికీ దాటాల్సిందే, ఆవిడ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిందే. ఆవిడ ఎవరికీ సొంత అత్తయ్య కాదు. అందరూ ఎదురుగా అత్తయ్య అనేవాళ్లు, మలుపు తిరిగాక "నేనే అత్తయ్య" అనేవాళ్లు. కుట్టేటప్పుడు నోట్లో గుండుసూదులు పెట్టుకునే అలవాటు ఆవిడకి. అవి నోట్లో ఉన్నంతసేపే వీధికి విశ్రాంతి.

నగర కార్యాలయం వాళ్లు ఏటా "వీధి బాగు నిధి" అని కాస్త సొమ్ము ఇచ్చేవాళ్లు. దానితో మేడలు కట్టలేరు గానీ ఒక పంపు పెట్టుకోవచ్చు, ఒక గోడకి రంగు వేసుకోవచ్చు. వీధి వాళ్లే అడగాలి, వీధి వాళ్లే నిలబడి పని చేసుకోవాలి. తర్వాత ఆఫీసరమ్మ వచ్చి చూస్తుంది. ఆవిడకి నచ్చితేనే మళ్లీ ఏడు ఆ వీధికి నిధి. అత్తయ్యకి ఇంతకంటే పండగ లేదు. ఏడాదికొకటి చొప్పున కొత్త వస్తువు పుట్టుకొస్తుంటే, అన్నిటినీ ఆవిడే చేయించొచ్చు.

మొదటి ఏడు పంపు పెట్టారు. పెట్టింది వీధిలోనే ఉండే ప్లంబరు కుర్రాడు. కొత్తగా పని మొదలుపెట్టాడు, అదే అతని మొదటి సొంత పని. ఆ హడావిడిలో పంపుని మోకాలి కంటే కిందకి బిగించాడు. కింద చెంబు పడుతుంది, బకెట్టు పట్టదు. ఆడవాళ్లు ఖాళీ బకెట్లతో చుట్టూ మూగి అతన్ని నిలదీస్తుంటే అత్తయ్య టేపు మెడలో వేసుకుని వచ్చింది.

"వాణ్ణేమంటారు? అంత కిందకి నేనే పెట్టించా. పిల్లలకి అందొద్దూ?"

"మరి బకెట్టు ఎలా పెట్టాలి?"

"కాస్త పడుకోబెట్టు."

"పడుకోబెడితే నీళ్లు కారిపోవూ?"

"కారిపోతే మళ్లీ పట్టుకో. పంపు ఉన్నది ఎందుకు?"

దాంతో అందరూ ప్లంబరుని వదిలేసి ఆవిడ మీద పడ్డారు. వాళ్లు అలా తిడుతూ ఉన్న సందులో, మర్నాటికల్లా ప్లంబరు పంపుని పైకి జరిపేశాడు. "పైకి జరిపించింది కూడా నేనే" అంది అత్తయ్య.

రెండో ఏడు బడి గోడకి నీలం రంగు వేయించారు. రంగుల మేస్త్రీ ఏ ధ్యాసలో ఉన్నాడో, డబ్బా రంగులో బకెట్ల కొద్దీ నీళ్లు కలిపాడు. మొదటి వానకే రంగంతా దిగి రోడ్డు మీదకి వచ్చింది. వారం రోజులు వీధి కుక్కలన్నీ నీలం కాళ్లతో తిరిగాయి. మేస్త్రీ ఇంటి మీదకి జనం బయలుదేరుతుంటే అత్తయ్య కిటికీలోంచి తల బయటపెట్టింది. "రంగు పలచగా కలపమన్నది నేనే. గోడకి గాలాడాలి కదా."

"అయ్యో పాపం, ఆవిడకి పేరు పిచ్చి ముదిరిపోయింది. చెడ్డపేరైనా వదలట్లేదు" అన్నారు లెక్కల మాస్టారు. వీధి వీధంతా నవ్వింది.

నవ్వనిది ఒక్కడే. అతన్ని అందరూ పుస్తకం అని పిలిచేవాళ్లు.

పుస్తకం అన్నావదినల ఇంట్లో మేడ మీద గదిలో ఉండేవాడు, జిరాక్స్ షాపులో పనిచేసేవాడు. పై చదువు సాగలేదు. కానీ చదవడం మానలేదు. షాపుకి ఎవరు ఏ పుస్తకం తెచ్చినా, కాపీ తీస్తూ తీస్తూ చదివేసేవాడు. వాళ్లు ఒక అధ్యాయమే తీయించుకుంటే అతని చదువూ ఆ ఒక్క అధ్యాయమే. అందువల్ల గుండె జబ్బుల గురించి మొదటి సగం, వంతెనల గురించి చివరి సగం, ఏదో రాజవంశం గురించి నడిమి భాగం అతనికి బాగా తెలుసు. ఇంత తెలిసీ జిరాక్స్ మిషను దగ్గర నిలబడ్డానని లోకం మీద కోపం. పని చేసేది ఒకరు, పేరు కొట్టేసేది ఇంకొకరు అని అతని గట్టి నమ్మకం. ఆ ఇంకొకరు ఎలా ఉంటారని అడిగితే, మెడలో టేపుతో సహా అత్తయ్య బొమ్మ గీసి ఇచ్చేవాడు.

మూడో ఏడు బస్సు స్టాపు దగ్గర బెంచీలు వేయించాలన్న ఆలోచన అతనిదే. దరఖాస్తు రాసిందీ అతనే. అది ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆఫీసరమ్మ దాన్ని రెండుసార్లు చదివి, "బాగా రాశారు. వీధులు తిరిగి జనం చేత ఇలాంటివి రాయించి, పనులు చేయించడానికి మాకు ఒక మనిషి కావాలి. ముందు ఈ బెంచీలు ఎలా చేయిస్తారో చూస్తాను" అంది. జిరాక్స్ మిషను నుంచి బయటపడే దారి అదొక్కటే. పుస్తకం తిన్నగా కుట్టుమిషను దగ్గరికి వచ్చాడు.

"అత్తయ్యా, ఒక్క మాట. ఈసారి బెంచీలు నేను చేయిస్తున్నాను."

నోట్లో సూదులు. "ఊఁ" అంది.

"నా ఉద్యోగం దాని మీద ఉంది. ఊరంతా తిరిగి నేనే అని చెప్పకండి."

అత్తయ్య సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. "ఈ ఆలోచన నీకెవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు. బస్సు కోసం నిలబడి కాళ్లు పీకితే వచ్చింది."

"ఆ రోజు బస్సెక్కి ఎక్కడికెళ్లావు?"

"మీకు దారపు ఉండలు తేవడానికి."

"మరి చూశావా" అని సూదులు మళ్లీ నోట్లో పెట్టుకుంది.

అదృష్టం బాగుండి, పని జరిగే రోజులకి అత్తయ్య చెల్లెలి ఇంటికని పొరుగూరు వెళ్లింది. పుస్తకానికి ప్రాణం లేచొచ్చింది. ఇనప బెంచీలు వచ్చాయి. తాపీ మేస్త్రీ గుంటలు తవ్వాడు, ప్లంబరు సిమెంటు కలిపాడు. పుస్తకం చేతిలో జిరాక్స్ కాగితాలు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. నెల కిందట ఒక కాలేజీ పిల్ల కాపీ తీయించుకున్న అధ్యాయం అది, కూర్చునే చోట్లు ఎలా ఉండాలన్న దాని గురించి.

"ఏమయ్యా పుస్తకం, మొహం ఇటా అటా?" అన్నాడు తాపీ మేస్త్రీ.

"అటు. గోడౌను వైపు."

"రోడ్డు ఇటుంది."

"అందుకే. రద్దీకి వీపు పెట్టి కూర్చుంటే మనసుకి ప్రశాంతంగా ఉంటుందట. ఇందులో ఉంది."

"ప్రశాంతం సరే. బస్సు?"

"చప్పుడు వినిపిస్తుందిగా."

మేస్త్రీ ప్లంబరు వైపు చూశాడు. "వినిపిస్తుందట. పోసెయ్ సిమెంటు."

ఆఫీసరమ్మ రావాల్సిన రోజు పొద్దున ఆ కాలేజీ పిల్ల మళ్లీ షాపుకి వచ్చింది. "అన్నా, పోయినసారి ఒక పేజీ మర్చిపోయాను. ఇదొక్కటి తియ్యి." పుస్తకం మిషను మూత ఎత్తి పేజీ బోర్లించబోతూ ఆగాడు. అది అధ్యాయం మొదటి పేజీ. పైన పెద్ద అక్షరాలతో పేరుంది: పార్కులలో కూర్చునే చోట్లు.

అప్పటికి సిమెంటు రాయిలా బిగిసిపోయింది.

సాయంత్రం ఆఫీసరమ్మ వచ్చింది. వీధి వీధంతా వచ్చింది. ముందు రోజే ఊరి నుంచి దిగిన అత్తయ్య కూడా వచ్చింది. ఆఫీసరమ్మ బెంచీ మీద కూర్చుని, ఎదురుగా గోడౌను గోడ మీద "ఇక్కడ పోస్టర్లు అంటించరాదు" అని రాసి ఉంటే చదివింది. ఇంకేమైనా ఉందేమోనని వెతికింది. ఏమీ లేదు. మళ్లీ అదే చదివింది. ఇంతలో వెనకాల బస్సు వచ్చింది. బెంచీల మీద అందరూ తనకి వీపు పెట్టి కూర్చోవడం చూసి, వీళ్లెవరికీ బస్సు అక్కర్లేదనుకుని డ్రైవరు ఆపకుండా పోనిచ్చాడు.

ఆఫీసరమ్మ తల తిప్పింది. "బస్సు వస్తోందా?"

"వెళ్తోంది మేడమ్" అన్నారు లెక్కల మాస్టారు.

ఆఫీసరమ్మ లేచి నిలబడింది. "వీటిని ఇలా ఎవరు పెట్టించారు?"

పుస్తకం నెల రోజులుగా అద్దం ముందు నిలబడి ఒక మాట సాధన చేశాడు. నేనే చేయించాను. ఇప్పుడు ఆ మాట అనడమంటే తప్పు ఒప్పుకోవడమే. ఉద్యోగం గోడౌను గోడెక్కి అవతలికి దూకుతున్నట్టు కనిపించింది అతనికి.

"నేనే" అని వినిపించింది.

అతని గొంతు కాదు. అత్తయ్య జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. "అబ్బాయి సరిగ్గానే పెట్టమన్నాడమ్మా. నేనే మేస్త్రీ దగ్గర నిలబడి అటు తిప్పించా. రోడ్డు దుమ్మంతా ముసలివాళ్ల కళ్లలో పడదూ?"

"మీరు ఊళ్లోనే లేరు కదండీ" అన్నారు లెక్కల మాస్టారు.

"ఫోన్లో చెప్పా."

పుస్తకం ఆవిడ వైపు చూశాడు. పేరు కోసం వచ్చిన మనిషి ముఖం ఎలా ఉంటుందో అతనికి బాగా తెలుసు, ఏళ్ల తరబడి చిరాకుపడుతూ చూశాడు. ఇది ఆ ముఖం కాదు. అతను ఒక అడుగు ముందుకేశాడు.

"కాదు మేడమ్. ఆవిడకి ఏమీ తెలియదు. సగం చదివి నేనే అలా పెట్టించాను."

"నువ్వూరుకోరా. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో ఏంటి? నేనే."

"లేదత్తయ్యా, నేనే."

"చేత్తో పెట్టింది మాత్రం నేనండీ" అని తాపీ మేస్త్రీ తట్ట కింద పెట్టాడు. "రోడ్డు ఎటుందో నాకు తెలుసు. తెలిసీ పెట్టాను."

"సిమెంటు నేను కలిపాను" అన్నాడు ప్లంబరు. "అది అంత గట్టిగా కలపకుండా ఉండాల్సింది. అసలు ఆ పంపు రోజు ఈవిడ అడ్డం రాకపోతే, ఈ వీధిలో ఎవరూ నన్ను మళ్లీ గడప తొక్కనిచ్చేవాళ్లు కాదండీ."

"పంపు సంగతి ఇప్పుడెవరు అడిగారు?" అంది అత్తయ్య. ఆవిడ ముఖం ఎర్రబడింది.

వెనక నుంచి రంగుల మేస్త్రీ నెమ్మదిగా, "గోడ రంగు కూడా..." అన్నాడు. "ఆ రోజు మా ఆవిడ ఆసుపత్రిలో ఉందండీ. నీళ్లు ఎన్ని పోశానో నాకే తెలియదు. గోడకి గాలాడాలని ఈవిడ అనకపోతే..."

"గోడకి గాలాడాల్సిందే" అంది అత్తయ్య మొండిగా.

నీలం కాళ్ల కుక్కల్ని చూసి విరగబడి నవ్విన వీధి ఇప్పుడు నవ్వలేదు. లెక్కల మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, అద్దాలు శుభ్రంగానే ఉన్నా.

ఆఫీసరమ్మ అందరినీ ఒక చుట్టు చూసింది. "నేను చాలా వీధులు చూశాను. ఏదైనా పాడైతే అందరూ పక్కవాళ్లని చూపిస్తారు. మీరేంటి, నాదంటే నాదని కొట్టుకుంటున్నారు?" ఆవిడ బెంచీని ఒకసారి తట్టి చూసింది. "వచ్చే వారం మళ్లీ వస్తాను. అప్పటికి ఈ బెంచీలు బస్సు మొహం చూడాలి." రెండడుగులు వేసి పుస్తకం వైపు తిరిగింది. "మీరు ఆఫీసుకి వచ్చి కనపడండి. ఈసారి మొత్తం చదివి రండి."

ఆ ఆదివారం వీధి వీధంతా గునపాలు పట్టింది. ప్లంబరు గట్టిగా కలిపిన సిమెంటు అంత తేలిగ్గా వదల్లేదు. అత్తయ్య బట్టలు కొలిచే స్కేలు పట్టుకుని మధ్యలో నిలబడి, "ఇటు, ఇటు, ఇంకా ఇటు" అంటూ అందరికీ అడ్డం పడింది. పెట్టించింది తనే కాబట్టి తిప్పించేదీ తనే. ఆఫీసరమ్మ రెండోసారి వచ్చి కూర్చోగానే బస్సు వచ్చి సరిగ్గా ఆవిడ ముందే ఆగింది. ఎక్కనని డ్రైవరుకి నచ్చజెప్పడానికి ఆవిడకి కాసేపు పట్టింది.

ఉద్యోగం కాగితం వచ్చిన రోజు పుస్తకం తిన్నగా మొదటింటికి వెళ్లాడు. గుమ్మంలో అతని వాలకం చూసి, ఏం చెప్పబోతున్నాడో అత్తయ్య పసిగట్టింది. చేతిలో కుట్టేది ఏమీ లేకపోయినా గబగబా గుప్పెడు గుండుసూదులు నోట్లో పెట్టుకుంది.

"అత్తయ్యా, ఆ రోజు మీరు..."

"ఊఁ."

"మీరే గనక..."

"ఊఁ ఊఁ" అని స్కేలుతో గుమ్మం చూపించింది.

అతను అలాగే నవ్వుకుంటూ బయటికి వచ్చాడు. అతను మలుపు తిరిగాడో లేదో ఆవిడ సూదులన్నీ ఊసేసి వీధిలోకి దిగింది. సాయంత్రానికి ఇల్లిల్లూ తిరిగేసింది. "మన పుస్తకానికి ఉద్యోగం వచ్చింది. నేనే వేయించా."

వీధి నవ్వుకుంది. ఇన్నేళ్లలో ఆవిడ చెప్పినవాటిలో అక్షరాలా నిజమైనది అదొక్కటే. దాన్ని మాత్రం ఎవరూ నమ్మలేదు.

మర్నాడు పొద్దున కొత్త చొక్కా వేసుకుని పుస్తకం స్టాపుకి వచ్చేసరికి బెంచీల మీద చోటు లేదు. మధ్యలో అత్తయ్య, పక్కన లెక్కల మాస్టారు.

"ఏమయ్యా, నీ ఉద్యోగం ఈవిడే వేయించిందటగా" అని మాస్టారు కన్ను గీటారు.

"అవునండీ, అత్తయ్యే వేయించింది" అన్నాడు పుస్తకం.

అత్తయ్య ఉలిక్కిపడింది. ఇన్నేళ్లలో ఆ మాటకి అవునన్నవాడు లేడు. ఏం చెయ్యాలో తోచక మెడలో టేపు తీసి మళ్లీ వేసుకుంది. చీర కొంగు సర్దుకుంది. బస్సు వస్తుందేమోనని అటు చూసింది, అది వేళకి రాలేదు. చివరికి గొంతు సవరించుకుని మాస్టారి వైపు తిరిగింది.

"ఒప్పుకోమని వాడికి చెప్పింది కూడా నేనే."