కుక్కర్ రబ్బరు

చైతన్యపురి కోచింగ్ సెంటర్లో జాగ్రఫీ చెప్పే మధుకర్ సార్ మణికట్టుకు ఎప్పుడూ ఒక రబ్బరు బ్యాండు ఉంటుంది. సహజ రబ్బరు ఎగుమతుల పాఠం రాగానే దాన్ని ముక్కుదాకా సాగదీసి “ఇది థాయ్‌లాండ్” అంటాడు. కొంచెం సడలించి “ఇది ఇండోనేషియా, జర తక్కువ” అంటాడు. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా భార్య వాసంతికి ఇదే పాఠం.

మొన్న కుక్కర్ రబ్బరు తెమ్మని ఆమె పంపితే దిల్‌సుఖ్‌నగర్‌లో స్టీలు సామాన్ల దుకాణానికి వెళ్లాడు. రబ్బరును లాగి, వాసన చూసి, ఏ దేశం సరుకని అడిగాడు. “గది నాకు తెల్వది సార్. మీ కుక్కర్ ఎన్ని లీటర్లది?” అన్నాడు దుకాణదారు. సార్ ఎన్నడూ చూసుకోలేదు. రెండు చేతులతో గాల్లో సున్నా చుట్టి, “ఇంత ఉంటది” అన్నాడు. ఇంటికొచ్చాక, పప్పు పెట్టబోతూ వాసంతి ఆ రబ్బరును మూతకు తొడిగింది. అది వదులై వేలాడింది. “మీరు థాయ్‌లాండ్ తెచ్చిన్రు,” అంది. “మన కుక్కర్ ఇండోనేషియా.”