మావ ఖాళీగా వదిలేసిన ‘ఘ’

నిన్న పొద్దున ఒర్లియంపేటలో నా షాపులో ఫ్లెక్స్ మెషిన్ నడుస్తోంది. అత్త ఫోన్.

"మావ లేయలేదురా" అంది.

ఇంకాసేపు పడుకోనీ అత్తా, అన్నాను. ఎంత వెధవనో చూడండి.

అవతల అత్త ఏడ్చింది. అప్పుడు అర్థమైంది.

గోరిమేడులో మావ ఇంటికి ఎలా చేరానో గుర్తులేదు.

మీలో చాలామందికి ఆయన బోర్డు మావ. మా అమ్మకు తమ్ముడు, నాకు బోర్డుల పని నేర్పినవాడు.

పాండిచ్చేరిలో తెలుగు మాట్లాడే ఇళ్లు బోలెడు, చదివే ఇళ్లు తక్కువ. మావ కూడా ముప్పై దాటాకే తెలుగు అక్షరాలు దిద్దుకున్నాడు. దిద్దుకున్నవాడు ఊరుకున్నాడా? సొంతంగా ఒక ఫాంట్ గీశాడు.

కంపాస్, స్కేలు, ఇంకేమీ లేవు. గుండ్రం అంటే కచ్చితమైన వృత్తం. తలకట్టు అంటే త్రిభుజం. గీత మందం ఆయన బొటనవేలంత.

ఏ బోర్డుకు ఏ అక్షరం కావాలంటే ఆ అక్షరం గీసేవాడు. నేను కంప్యూటర్‌లో ఎక్కించేవాణ్ని.

కల్యాణ మండపం ఆర్చీలు, బట్టల షాపులు, యానాం బస్సుల పక్కలు, అన్నిటిమీదా ఆ అక్షరాలే.

పెళ్లి పత్రిక లోపలి పేజీకి మాత్రం చచ్చినా ఇచ్చేవాడు కాదు. అది రోడ్డు అవతలి మనిషిని పిలిచే అక్షరమట. చేతిలో కాగితం మీద పెడితే చెవిలో మైకు పెట్టి అరిచినట్టు ఉంటుందట. కస్టమర్ లేచి వెళ్లిపోయినా వినడు. నాకు ఒళ్లు మండేది.

ఆయన టెస్ట్ ఒక్కటే. ప్రింట్‌ను గోడకు అంటించి, రోడ్డు దాటి, కళ్లు చికిలించి చూడాలి. నలుపు కాదు, లోపలి తెలుపు చూడాలి. అక్షరంలో బెజ్జాలు కనపడితే పాస్.

ఎనిమిది నెలల కింద బాహూరు నుంచి ఒక రైస్ మిల్లు బోర్డు ఆర్డర్ వచ్చింది. మిల్లు పేరు మేఘన. మా ఫాంట్‌లో ‘ఘ’ లేదు. అంతవరకు ఎవరికీ అవసరం పడలేదు.

మహా మొండి అక్షరం అది. వంపు పక్కన వంపు, దాని పక్కన ఇంకో వంపు. మందం పెంచేకొద్దీ మధ్యలో తెలుపు మాయమైపోతుంది.

నాకు తొందర. ఇంకేదో ఫాంట్‌లోంచి ‘ఘ’ తెచ్చి, ఔట్‌లైన్ లావు చేసి పెట్టేశాను. రోడ్డు టెస్ట్ ఎగ్గొట్టాను.

బస్ స్టాప్ నుంచి చూస్తే బోర్డు మధ్యలో నల్లటి ముద్ద.

మావ మోపెడ్ మీద వచ్చి, నిచ్చెన ఎక్కి, దాని మీద తెల్ల రంగేసి చేత్తో కొత్తది రాశాడు. దిగి ఓనర్ ముందే నన్ను కడిగేశాడు. మా ఇళ్లల్లో అక్షరాన్ని ఎళుత్తు అంటాం.

"ఏందిరా ఇది? తెలుపంతా చంపేస్తివి. ఫాంట్‌లో ఈ ఎళుత్తు నేను గీయను, నువ్వే గీయాల. అందాకా దాని చోటు ఖాళీగానే ఉంటాది."

నాకు రోషం. గోరిమేడు వెళ్లడం మానేశాను. ఆయనా ఫోన్ చేయలేదు. అత్త పంపిన ఊరగాయ తిని ఖాళీ సీసా వెనక్కి పంపేవాణ్ని, మాట మాత్రం పంపలేదు.

ఇక నిన్న.

మన ఊళ్లో మనిషి పోతే కొన్ని గంటల్లో వీధి మొగలో బ్యానర్ లేవాలి కదా. నాలుగింటికి పాడె లేస్తుందన్నారు. ఎప్పుడూ వేసేలా తమిళంలో వేసుకొస్తానని లేచాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఆయన పేరు ఆయన ఎళుత్తులోనే ఉండాలరా."

షాపుకొచ్చి టైప్ చేశాను. ఎస్. రాఘవులు.

‘రా’ వచ్చింది. ‘వులు’ వచ్చింది. మధ్యలో ఖాళీ డబ్బా.

ఊరందరి పేర్లూ రాశాడు. ఆయన పేరు ఏ బోర్డు మీదా లేదు. బోర్డు మావ, బోర్డు మావ అని పిలిచి పిలిచి, ఆయన నన్ను గీయమన్నది ఆయన పేరులోని అక్షరమని నాకు తట్టనే లేదు.

అప్పటికి టైమ్ ఒకటిన్నర.

కంపాస్ తీశాను. మొదటిది ముద్ద. రెండోదీ ముద్ద. పూలు వచ్చేశాయని ఇంటి నుంచి ఒక ఫోన్. యాడున్నావురా అని ఇంకో ఫోన్. ఫోన్ బోర్లా పెట్టేశాను.

మూడోసారి నలుపు గీయలేదు. ముందు తెలుపు గీశాను. బెజ్జాలు ఎక్కడ ఉండాలో పెట్టుకుని, వాటి చుట్టూ నలుపు నింపుకుంటూ వచ్చాను. చోటు చాలకపోతే అక్షరాన్నే వెడల్పు చేశాను. వంపుల మధ్య గీతను కాస్త సన్నం చేశాను.

మూడుంబావుకు ప్రింట్. ఇంకు ఆరకుండానే ఆటో ఎక్కాను.

వీధి మొగలో కట్టేముందు ఎదురింటి గోడకు ఆనించి పట్టుకున్నాను. ఇవతల అత్త గడపలో నిలబడి, కళ్లు తుడుచుకుని, చికిలించి చూసింది. అత్తకు తెలుగు చదవడం రాదు. ఆయన పక్కన నిలబడి ఇన్నేళ్లు అలా చూసిందంతే.

"ఇది ఏ ఎళుత్తో నాకు తెలీదురా" అంది. "బెజ్జాలు కనపడతా ఉండాయి."

ఆ గోడ కిందే కూలబడి ఏడ్చాను.

ఇవాళ పొద్దున ఆ ‘ఘ’ను ఫాంట్‌లో ఎక్కించాను. మన వాళ్లలో తెలుగు చదవడం రానివాళ్లకు, వచ్చినవాళ్లు నేను రాసిన ఈ నాలుగు ముక్కలు చదివి వినిపించండి.

మావా, నేను ఒక్కసారి వచ్చి గీసుంటే నువ్వే చూసేవాడివి. తప్పు నాదే.

నీ పేరు రోడ్డు అవతలికి కనపడుతోంది. ఇక నిమ్మళంగా పడుకో.