రోకలి పట్టే ముందు

మ్యూజియం అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. గొంతు తగ్గించి మాట్లాడాలి, దేన్నీ ముట్టుకోకూడదు. ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కొట్టు నడుపుకుంటూ రోజంతా సుత్తి దెబ్బల మధ్య బతికేవాణ్ణి. పైగా వారంలో కూతురి పెళ్ళి. అయినా పెదమ్మ పట్టుబట్టింది.

పెదమ్మంటే మా అమ్మకి అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. దివిసీమ ఉప్పెన మీద బెజవాడలో మ్యూజియం పెట్టారనీ, అప్పటి ఫొటోలున్నాయనీ ఎక్కడో విన్నది. చేపల కావిడి మోసే మా పెదనాన్న ఆ ఉప్పెనలోనే కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. చూసినవాళ్ళు లేనప్పుడు పోయాడని ఎట్లా అంటామని పెదమ్మ అత్తగారు ఆమె గాజులు పగలగొట్టనివ్వలేదు, బొట్టు తీయనివ్వలేదు. సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగిరానివాళ్ళ విషయంలోనూ మా ఇళ్ళల్లో అంతే. ఈ వయసులోనూ పెదమ్మ నుదుట రూపాయి బిళ్ళంత బొట్టుంటుంది.

మా ఆవిడ పుట్టింటివాళ్ళు హనుమాన్ జంక్షన్ వైపు వ్యవసాయం వాళ్ళు. వాళ్ళకిది మింగుడు పడలేదు. పెళ్ళి పసుపు దంచేటప్పుడు మొదటి రోకలి ముత్తయిదువే వెయ్యాలి, ఈమె ముత్తయిదువెట్లా అవుతుందని గుసగుసలు. అవి పెదమ్మ చెవిన పడ్డాయి.

"ఆ ఫొటోలు చూసొద్దాం పద. మీ పెదనాన్న కనపడితే నేనే తప్పుకుంటా. కనపడకపోతే రోకలి నాదే" అంది.

రేపు పసుపు దంచుతారనగా ఇవాళ తీసుకెళ్ళాను. గుడికొచ్చినట్టు చెప్పులు గుమ్మం బయటే విడిచింది. లోపల మసక వెలుతురు, స్పీకర్లలో గాలి హోరు. నాకు కాలు ఒకచోట నిలవలేదు. జేబులో ఫోన్ ఊరికే మోగుతోంది. పెదనాన్న మొహం నాకు గుర్తు లేదు, అయినా ప్రతి ఫొటో దగ్గరికీ ముందు నేనే పరిగెత్తి చూసి, ఇందులో లేడులే పెదమ్మా అనేవాణ్ణి. ఆమె వినిపించుకోలేదు. అద్దానికి ముక్కు ఆనించి ఒక్కో మనిషినీ చూస్తోంది.

"అమ్మా, కొంచెం దూరం జరగండి" అన్నాడు అక్కడి మనిషి.

"ఆమె తన మనిషిని వెతుక్కుంటోందండీ" అని కసిరాను. పాపం, అతని తప్పేం లేదు. నాకు భయంగా ఉంది, అంతే. కనపడితే ఆమె బొట్టు లేని మొహం నేను చూడలేను.

ఒక ఫొటో ముందు ఆగిపోయింది. తుమ్మచెట్లకి చిక్కుకున్న శవాలు. ఒకడు బోర్లా ఉన్నాడు, మొహం కనపడటం లేదు. పెదమ్మ అద్దం మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"ఉన్నాడా?" అన్నాను.

"పద, పోదాం."

కారులో నేను అనవసరంగా హారన్ కొట్టుకుంటూ పోయాను. ఇంటికి పోయే దారిలో గన్నవరం దాటబోతుండగా తనే చెప్పింది.

"ఆయనేరా. కావిడి మోసి మోసి చొక్కా భుజం దగ్గర చిరిగితే, నా పూల రైక గుడ్డతో నేనే అతుకేశా."

బండి పక్కకి ఆపి ఏడ్చాను. ఆమె ఏడవలేదు. కొంగుతో నా మొహం తుడిచింది.

"కనపడితే తప్పుకుంటానన్నాను, నిజమే. కానీ ఆయన లేకుండానే ఇన్నేళ్ళు పెట్టుకున్నా ఈ బొట్టు. ఇప్పుడు కనపడ్డాడని తీసేస్తానా? రేపు రోకలి నేనే పడతా. ఎవరికీ చెప్పమాక."

అంతలో మా ఆవిడ ఫోన్ చేసింది. పుట్టింటివాళ్ళంతా అప్పటికే దిగారట, వెనక వాళ్ళ మాటలు వినపడుతున్నాయి. ఏమైందని అడిగింది.

"అన్నీ చూశాం. పెదనాన్న ఎక్కడా లేడు. మీవాళ్ళని రోకలికి పసుపు రాసి ఉంచమను, మొదట వేసేది పెదమ్మే" అన్నాను.