ఉసిరికాయ చెప్పిన అబద్ధం

మా కెమిస్ట్రీ సారు పోయారని కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. "సంతాప సభ పెడుతున్నం, మీరు రెండు మాటలు మాట్లాడాలె" అన్నారు. వెళ్తే గేటు మీద ఫ్లెక్సీ: 'ఒక్క చుక్కతో మెదడు జబ్బు కనిపెట్టిన మహనీయుడు.' ఒళ్ళు మండిపోయింది. బతికుండగా సారు ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. అననందుకే ఈ కాలేజీవాళ్ళు ఆయన ప్రయోగాల గది లాక్కున్నారు.

మెదడులో డోపమిన్ అనే పదార్థం తగ్గితే చేతులు వణుకుతాయి. దాని జాడ మూత్రంలో పట్టుకోవాలని సారు సన్నని తీగకు తెల్లపొడి పూత పూసి, నమూనాలో ముంచి, చీకటి పెట్టెలో దాని మీద వెలుగు వేసేవారు. డోపమిన్ ఉన్న కొద్దీ కరెంటు పెరిగేది, ఎంత పెరిగిందో మీటరు ముల్లు చూపేది. ఎమ్మెస్సీ చదివే నాకు పెట్టె మీద నల్లగుడ్డ కప్పే పని. అంచు కాస్త లేచినా "జెర సరిగ్గ కప్పు బిడ్డా, బయటి ఎండ గూడ లెక్కల కలుస్తది" అనేవారు.

చిట్కుల్ నుంచి ఒక కార్మికుడు వచ్చేవాడు. చేతులు వణుకుతున్నాయని, కల్లు కూడా ముట్టని ఆ మనిషిని తాగుబోతన్నారు, ఫ్యాక్టరీ పనిలోంచి తీసేశారు.

"నేను తాగనని నీ మిషిను చెప్తదా సారూ?"

"ఇప్పుడైతే చెప్పదు. చెప్పేదాంక చేస్త."

తనిఖీకి పెద్దలొచ్చిన రోజు ఆ కార్మికుడు ఇచ్చిన మూత్రం నమూనానే పెట్టాం. ముల్లు ఎగిరింది. డోపమిన్ దొరికిందని కాలేజీ చైర్మన్ చప్పట్లు కొట్టాడు. సారు మాత్రం కార్మికుడి వైపు తిరిగారు.

"పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఉసిరికాయ తొక్కు, సారూ."

"గదే. అయ్యా, మీరు సూసింది ఉసిరికాయల ఉండే విటమిన్ సి. దానికీ డోపమిన్‌కీ తేడా నా తీగకు ఇంకా తెల్వదు."

వాళ్ళు నవ్వి, టీ తాగి వెళ్ళిపోయారు. చైర్మన్ మండిపడ్డాడు. "నోరు మూసుకుంటె నీదేం పోతుండె?"

"నాదేం పోకపోతుండె. రేపు ఈ లెక్క నమ్మి తప్పు మందు మింగి ఈయన పోతుండె."

వారం తిరక్కుండా ఆ గదిలో విరిగిన బల్లలు పడేసి తాళం వేశారు. గేటుకు గ్రానైటు అతికించారు, బస్సులకు షెడ్డు కట్టారు, సారు రిటైరయ్యేదాకా ఆ తాళం మాత్రం తీయలేదు. లక్డారంలో సారు ఇంటికి వెళ్ళినప్పుడల్లా "గది ఇచ్చిన్రా?" అని నన్నే అడిగేవారు. కార్మికుణ్ణి పట్నం ఆసుపత్రికి సారే తీసుకెళ్ళారు. అక్కడ మందులిచ్చారు గానీ, ఊళ్ళో పడ్డ పేరు పోలేదు.

సభకు ఆ కార్మికుడూ వచ్చాడు, ముసలివాడైపోయాడు. బంతిపువ్వు పట్టుకుని సారు పటం దగ్గరికి నడిచాడు. చెయ్యి వణికి రెక్కలు రాలుతున్నాయి. వేదిక మీది నుంచి చైర్మన్ పక్కవాడితో అన్న మాట మైకులో అందరికీ వినిపించింది.

"పొద్దుగాల్నే తాగొచ్చిండు."

నన్ను మాట్లాడమన్న రెండు మాటలు అక్కడే, అతని మొహం మీదే అనేశాను. అవి ఇక్కడ అచ్చు వేయరు. మైకు ఆపేశారు. ఆ పెద్దాయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. పటం అంచు మీద పువ్వు నిలబెట్టాలని చూస్తూనే ఉన్నాడు, అది జారుతూనే ఉంది.