టేపు పిన్ని గోడ

మా వీధిలో బట్టలు కుట్టే ఆవిణ్ణి అందరూ టేపు పిన్ని అనేవారు. మెడలో టేపు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు. వీధి పల్లంలో ఉండటంతో గట్టి వాన పడితే నీళ్ళు నేరుగా ఆవిడ ముందుగదిలోకే వచ్చేవి. మిషన్ని బల్ల మీదికెక్కించి తనూ ఎక్కి కూర్చునేది. నీళ్ళు తీశాక, గోడ మీద మరక ఎంత ఎత్తుందో కొలిచి, మేకుతో గీత గీసి, పక్కన అంగుళాలూ తేదీ చెక్కేది. పదకొండేళ్ళలో పందొమ్మిది గీతలు.

వాళ్ళాయన ఇళ్ళకు రంగులేస్తాడు. "ఊళ్ళో గోడలన్నీ మెరిపిస్తాను, నా ఇంటి గోడ పిల్లి రక్కినట్టుంది" అని లబోదిబోమనేవాడు.

"ఆ గోడ జోలికొచ్చారంటే మీ వంట మీరే చేసుకోవాలి" అనేది పిన్ని.

ఒకరోజు పొద్దున్నే మునిసిపాలిటీ ఇంజనీరు ఓ ఫారం పట్టుకొచ్చాడు. "వరదని తట్టుకోవడంలో మీ వీధికి పదికి ఎన్ని మార్కులేస్తారమ్మా?"

"వీధేమన్నా పరీక్ష రాసిందా నాయనా? నీళ్ళెంత వస్తాయో అడుగు, చెబుతాను" అని గోడ చూపించింది.

ఆయన నోరెళ్ళబెట్టాడు. ఆఫీసువాళ్ళు పాతిన కొలబద్ద మొదటి వరదకే కొట్టుకుపోయిందట. చతికిలబడి గీతలన్నీ రాసుకున్నాడు.

"ఏడేళ్ళ కిందటి దాకా ఏ వానకీ పది అంగుళాలు దాటలేదు. ఆ తర్వాత ఒక్కసారీ ఇరవైకి తగ్గలేదు. ఆ ఏడు ఏం జరిగింది?"

"వీధి చివర మీ ఆఫీసుకి కొత్త మెట్లు కట్టారు."

ఇంజనీరు మొహం కందగడ్డయింది. మర్నాడే గునపాలతో మనుషులొచ్చారు. మెట్ల కింద మా వీధి కాలువ నోరు, ఇటుక ముక్కలతో కుక్కి ఉంది! మెట్లు పడగొట్టారు. నెల రోజులు పెద్దాఫీసరుతో సహా అందరూ నిచ్చెనెక్కే ఆఫీసుకెళ్ళారు. ఆయన ప్యాంటు రెండుసార్లు చిరిగితే పిన్నే కుట్టింది.

తర్వాతి పెద్దవానకి పిన్ని బల్లెక్కి చాలాసేపు ఎదురుచూసింది. నీళ్ళు గడప దాటలేదు. "ఇదేం వానో!" అని ఉసూరుమంటూ దిగింది.

ఇప్పుడు ఇంజనీరు ఆవిణ్ణి మిగతా వీధులకీ తీసుకెళ్తున్నాడు, మరకలు కొలిపించడానికి. ఒకింట్లో ముసలావిడ పిన్ని చెవిలో గుసగుసలాడింది. "మా ఇంట్లో ఓ రెండంగుళాలు ఎక్కువ రాయమ్మా, తొందరగా బాగుచేస్తారు."

"ఎక్కువ కొలిస్తే వదులైపోతుందండీ" అని పిన్ని బీరువా పక్కకి జరిపించింది. దాని వెనక అసలు మరక ముసలావిడ అడిగినదానికన్నా జానెడు పైనే ఉంది.