గాలి అబ్బాస్ ఓడ

ఆదోనిలో గాలి అబ్బాస్ ఇల్లెక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా చూపించేవారు. ఒట్టి అబ్బాస్ అలీ అంటే మాత్రం ఎవరికీ తెలియదు. ఈ అన్యాయమంతా ఒక్క మాట వల్ల వచ్చింది.

డెబ్బై ఒకటి యుద్ధంలో అబ్బాస్ అలీ క్రూజరనే పెద్ద యుద్ధనౌకలో వంటవాడు. ఓడలో వంటగదిని గ్యాలీ అంటారు. డెబ్బై నాలుగులో ఉద్యోగం వదిలి వచ్చి, మిల్లు గేటు దగ్గర ఉగ్గాని, బజ్జీల బండి పెట్టాడు. బొరుగులు, అంటే మరమరాలు, నానబెట్టి తాలింపు వేస్తూ తొలిరోజే నోరు జారాడు.

"యుద్ధమంతా నేను గాలీలోనే ఉంటిని."

పక్కనే బావమరిది ఖలందర్ ఉన్నాడు. వాడి నోటికి తాళం లేదు.

"ఓడలో ఉండేటోడు నీళ్ళమీద ఉంటాడు గానీ గాలిలో ఎట్లుంటాడు బావా? అన్నీ గాలి మాటలే!"

అయిపోయింది! కాగితాలు చూపిద్దామంటే, ఫొటోలతో సహా పెట్టెను గుంతకల్లు స్టేషన్లో ఎవడో కొట్టేశాడు. వాడి చేతులు పడిపోను.

అయిదేళ్ళు ఆ పేరు మోసి, ఇక తట్టుకోలేక, ఆ ఓడనే చేసి చూపిస్తానని కూర్చున్నాడు అబ్బాస్. అంగుళానికి పది అడుగుల లెక్కన నాలుగున్నర అడుగుల ఓడ.

"ఆ ఓడలో పనిచేసినోడు ఎవడన్నా వచ్చి, ఇది మా ఓడేనని సెప్పనీ. జన్మలో నిన్ను గాలి అనను. ఒట్టు!" అన్నాడు ఖలందర్.

నూనె డబ్బాల రేకుతో ఒళ్ళు, మిల్లు బాబిన్లతో ఫిరంగి గూళ్ళు, గొడుగు ఊచలతో ఫిరంగులు. రెండేళ్ళు పట్టింది. నేను ఎమ్మిగనూరులో సైన్సు మాస్టరును, పేరు జయన్న. ఆదివారం ఉగ్గాని కోసం పోయినప్పుడల్లా ఓడను చూసేవాణ్ణి, నాకెందుకో అనుమానంగా ఉండేది.

"మూడే ఫిరంగులా అబ్బాసన్నా?"

"మూడే మాస్టరూ. యుద్ధంలో నా నెత్తిమీద మూడుసార్లే దడేల్‌మనె."

అప్పుడు అర్థమైంది నాకు. ఈ మహానుభావుడు ఓడను బయటినుంచి సరిగా చూడనేలేదు! ఉల్లిపొట్టు సముద్రంలో పారేయడానికి తప్ప పైకి రాలేదట. కానీ వంటగది మూత ఎత్తి చూపిస్తే, లోపల అన్నీ అచ్చంగా ఉన్నాయి. టిచ్ బటన్లతో వంట డేగిశాలు, ఒక కాలు పొట్టిదైన బల్ల, దాని కింద చెక్కముక్క, అగ్గిపుల్ల మందాన తలుపు.

ఎనభై ఒకటిలో మా బడి ఎగ్జిబిషన్‌కు హెడ్మాస్టరు వియ్యంకుడు ముఖ్య అతిథి. కాకినాడ ఆయన, నేవీలో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనదీ ఆ ఓడేనని తెలిసి నేనే అబ్బాస్‌కు కబురు పెట్టాను. ఓడ బస్సు టాపు మీద వచ్చింది, తమాషా చూడ్డానికి ఖలందరూ వెంట వచ్చాడు. దించుతుంటే ఒక ముసలమ్మ, దర్గా ఉరుసుకు పోతున్న మొక్కుబడి అనుకుని దణ్ణం పెట్టుకుంది.

ఆఫీసరు ఓడ చుట్టూ ఒకసారి తిరిగి మొహం చిట్లించాడు.

"ఇదేం ఓడయ్యా? మా ఓడకు తొమ్మిది ఫిరంగులు. మూడేసి ఒకేసారి పేలేవి. ఇది మాది కానే కాదు."

ఖలందర్ పళ్ళన్నీ బయటపెట్టాడు. అబ్బాస్ మొహం చూడలేకపోయాను. నాకు ఏడుపొచ్చినంత పనైంది, పిలిచిన పాపం నాదే కదా. అబ్బాస్ వంటగది మూత ఎత్తాడు. ఆఫీసరు వంగి, పొట్టికాలు బల్ల చూసి ఆగాడు. గోటితో ఆ బుల్లి తలుపు లాగాడు. తలుపు వెనక పసుపు పూస, పచ్చదారం ముక్కలు వేలాడుతున్నాయి. దిష్టికి కట్టే నిమ్మకాయ, మిరపకాయలు!

"ఒరేయ్! ఇది తీసెయ్యమన్నానా లేదా?" అని బడి దద్దరిల్లేలా అరిచాడు.

అబ్బాస్ కాళ్ళు దగ్గరపెట్టి నిటారుగా నిలబడ్డాడు. "తీసినా సార్. తీసి తలుపెనకాల కట్టినా. ఓడకు దిష్టి తగలకూడదని మా ఇంటిది సుగ్రాబీ ఒట్టు పెట్టించుకునిండె సార్."

"యుద్ధనౌకకు దిష్టేమిట్రా!"

"ఒక్క గుండన్నా తగిలెనా సార్?"

ఆఫీసరు కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వి అబ్బాస్‌ను వాటేసుకున్నాడు. "తడి మరమరాలు పెట్టి మమ్మల్ని చంపినవాడివి నువ్వే! గ్యాలీ అబ్బాస్! ఇది మా ఓడేనయ్యా, మా ఓడే!"

"విన్నారా! ఓడలో కూడా గాలి అబ్బాసే అంట!" అని జనంలోంచి ఎవరో అరిచారు. బడంతా గొల్లున నవ్వింది.

ఆ పేరు ఇక పోలేదు. పోవాలని అబ్బాస్ కూడా అనుకోలేదు. బండికి 'గాలి అబ్బాస్ ఉగ్గాని' అని బోర్డు నాతోనే రాయించుకున్నాడు. ఊరంతా అలాగే పిలుస్తుంటే, ఒట్టు పెట్టుకున్న ఖలందర్ ఒక్కడే ఆ మాట అనలేక నీలుగుతుండేవాడు. వాడు బండి దగ్గరికి వస్తే చాలు, అబ్బాస్ గరిటె తిప్పుతూ అడిగేవాడు.

"ఖలందరూ, నాకు అక్షరాలు ఆనడం లేదు. ఆ బోర్డుమీద ఏమి రాసిండాదో రోంత సదువప్పా."