గ్రానైటక్క

ప్రయోగశాలలో అందరూ ఆమెను గ్రానైటక్క అంటారు. కొండల అడుగున పగులు వెంట ఏ రాయి ఎంత ఒత్తిడికి జారుతుందో చూడటం ఆమె పని. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, గ్రానైటు దిమ్మెను యంత్రంలో బిగించి, యంత్రం పక్కకు అరచెయ్యి ఆనించి కూర్చుంటుంది. గ్రానైటు ఒక పట్టాన లొంగదు. వారాల తరబడి ఓర్చుకుని, చివరికి ఒక్కసారిగా ఫెళ్లుమంటుంది. ఆ అదురు చేతికి తగిలిన రోజు ఆమెకు భోజనం కూడా గుర్తురాదు.

ఎదుటి బల్ల దగ్గర కొత్తగా చేరిన అమ్మాయిది బలపపు రాయి. ఇలా ఒత్తితే అలా జారుతుంది. గ్రానైటు కొండ కింద వేలెడు మందాన ఆ మెత్తటి పొర ఉంటే చాలు, కొండంతా దాని మీదే జారుతుందని తేల్చింది. అప్పటినుంచి పెద్దసారు కుర్చీ అటే. గ్రానైటక్కకు కడుపు రగిలిపోయింది.

“అదీ ఒక రాయేనా? మొహానికి రాసుకునే పౌడరు,” అంది టీ తాగుతూ.

నిన్న ఆ అమ్మాయి బయటికి వెళ్లగానే మెల్లగా ఆ బల్ల దగ్గరికి చేరి, పొడిని వేళ్ల మధ్య రుద్దుతూ, కంప్యూటరు తెర మీద ఆ రాయి జారుడు చూపే గీతను కళ్లార్పకుండా చూస్తూ నిలబడిపోయింది. వెనక ఫెళ్లుమంది. తిరిగి చూస్తే, ఎప్పుడు వెనక్కి వచ్చిందో, తన యంత్రానికి అరచెయ్యి ఆనించి ఆ అమ్మాయి.

“మీరు రోజూ ఇలా చెయ్యి పెడుతుంటే కుళ్లుకునేదాన్నక్కా. ఇవాళ మీరు అటున్నారు కదా అని పెట్టి చూశా. మోచేతి దాకా అదిరింది.”

గ్రానైటక్క పొడితో తెల్లబడ్డ చేత్తోనే యంత్రాన్ని తడిమింది. అది అప్పటికే నిమ్మళించింది.